నలభై ఆరు వోల్టులు ఎవరు తిన్నారు?

కుట్టు ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ వాసన మేస్త్రీ అనేవారు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయన కూడా నిక్షేపంగా పలికేవాడు. హాజరు పట్టీలో ఉన్న పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే మాత్రం, ఇంకెవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆ ఫ్యాక్టరీ రెండో అంతస్తులో ఇస్త్రీ హాలు ఉంది. రెండు వరసల్లో నలభై బల్లలు, నలభై ఇస్త్రీ పెట్టెలు, పైనుంచి వేలాడే నలభై వైర్లు. పొద్దున ఎనిమిదింటి నుంచి సాయంత్రం అయిదింటి దాకా ఆ నలభైలో ఏదో ఒకటి మొరాయిస్తూనే ఉంటుంది. అప్పుడు మేస్త్రీ వెళ్లి, ప్లగ్గు పీకి, పెట్టెను రెండు చేతులా మొహం దగ్గరికి ఎత్తుకుని, కళ్లు మూసుకుని ఒక్కసారి గాలి పీల్చేవాడు.

"కాయిల్ బాగానే ఉందమ్మా. వైరు పోయింది. అదీ ప్లగ్గు మెడ దగ్గర" అనేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అక్కడే మాడి ఉండేది. ఇస్త్రీ చేసే ఆడవాళ్లు ముక్కున వేలేసుకునేవారు. ఒకసారి కింద క్యాంటీన్లో తింటూ తింటూ చెంచా పక్కన పెట్టి, "పైన ఆరో నంబరు బల్ల" అని లేచి పరిగెత్తాడట. వెళ్లేసరికి ఆరో నంబరు స్విచ్‌లోంచి సన్నగా పొగ వస్తోందట. ఇందులో ఎంత నిజమో, ఎంత క్యాంటీనువాళ్లు కలిపిందో నాకు తెలియదు. మేస్త్రీని అడిగితే కాదనడు, అవుననడు, మీసం సర్దుకుంటాడు.

అంతటి ముక్కు చూడ్డానికి మాత్రం ఏమంత గొప్పగా ఉండదు. చిన్న చప్పిడి ముక్కు. దాని మీద కోపం కూడా ఎక్కువే ఉండేది. ముఖ్యంగా కరెంటు కొలిచే మీటర్లంటే. ఫ్యాక్టరీవాళ్లు ఎప్పుడో ఒక మంచి మీటరు కొనిచ్చారు. దాని పెట్టెలో మేస్త్రీ స్క్రూలు పోసుకున్నాడు. మీటరు ఇనప అల్మరా పైన పదేళ్లుగా దుమ్ము తింటూ కూర్చుంది. "ముల్లు చూసి చెప్పేవాడు కూడా మెకానిక్కేనా?" అనేవాడు.

అలాంటి మనిషికి పోయిన ఏడాది చివర్లో జ్వరం వచ్చింది. పది రోజులు పడుకున్నాడు, తగ్గింది, లేచాడు. లేచిన మూడో రోజు వంటగదిలో బల్ల దగ్గర పేపరు చదువుకుంటున్నాడు. మూడడుగుల దూరంలో కరెంటు స్టవ్ మీద పాలు. భార్య మేడ మీద బట్టలు ఆరేసి దిగి వచ్చేసరికి వంటిల్లంతా పొగ. గిన్నె అడుగు నల్లటి బొగ్గు. ఆయన ఆటల పేజీ తిప్పుతున్నాడు.

"ఏమండీ! పక్కనే కూర్చుని ఏం చేస్తున్నారు?" అని అరిచింది ఆవిడ.

ఆయన తలెత్తి పొగ చూశాడు. గిన్నె చూశాడు. లేచి గిన్నె దగ్గరికి వెళ్లి వంగి గట్టిగా పీల్చాడు. దగ్గు వచ్చింది గానీ వాసన రాలేదు. భార్య మొహం వంక చూశాడు. ఆవిడకి అర్థమైపోయింది.

ఆ సాయంత్రం ఇద్దరూ తలుపులు వేసుకుని పరీక్షలు పెట్టారు. సబ్బు, ఉల్లిపాయ, కిరసనాయిలు, తలకు రాసుకునే నూనె, ఆఖరికి ఆయన చెప్పులు. ఆయన చెప్పుల వాసన తెలియకపోవడం ఒక రకంగా అదృష్టమే అని భార్య నవ్వించబోయింది. ఆయన నవ్వలేదు. డాక్టరేమో ఆరు నెలల్లో తిరిగి రావచ్చు, అసలు రాకపోనూ వచ్చు అన్నాడు. "ఎవరితోనూ అనకు" అన్నాడు మేస్త్రీ. 

ఫ్యాక్టరీలో నాటకం మొదలైంది. పెట్టెను ఎత్తుకుని, కళ్లు మూసుకుని, పీల్చి, "ఊఁ" అనేవాడు. ఏమీ చెప్పకుండా మూలకి పట్టుకెళ్లి స్క్రూడ్రైవర్‌తో విప్పి వెతుక్కునేవాడు. కొన్నాళ్లు ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత ఒకరోజు ఆయన వెనకే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, ఎవరో మరిచిపోయిన పెట్టె కింద చొక్కా కాలర్ మాడిపోయింది. హాలంతా గుప్పుమంది. అందరూ ముక్కులు మూసుకుని ఆయన వంక చూశారు. ఆయన ఒక్కడే ఏమీ ఎరగనట్టు వైరు చుడుతున్నాడు.

ఆ వారంలోనే మేనేజరు నోటీసు అంటించాడు. స్విచ్ బోర్డులు విప్పేవాళ్లందరికీ ఎలక్ట్రీషియన్ పర్మిట్ కార్డు ఉండాలి. పరీక్షకు రెండే అవకాశాలు. కార్డు రానివాళ్లు ప్యాకింగ్‌కి వెళ్లాలి. ప్యాకింగ్ అంటే అట్టపెట్టెలకు టేపు అంటించడం. ముక్కు బాగున్నప్పుడైతే మేస్త్రీ ఆ నోటీసు చూసి విరగబడి నవ్వేవాడు. ఇప్పుడు దాన్ని నాలుగుసార్లు చదివాడు. ఇరవై రెండేళ్లు కరెంటును గుప్పెట్లో పెట్టుకున్న చేతులు అట్టపెట్టెలకు టేపు అంటించాలట!

ఇంటికి వచ్చి భార్యతో అన్నాడు. "మీ చెల్లెల్ని రమ్మను."

భార్య చెల్లెలు రెండు వీధుల అవతల ఉంటుంది. హైస్కూల్లో లెక్కల టీచరు. బావని ఆటపట్టించడం ఆవిడకి జన్మహక్కు, ఆయన కూడా తక్కువ తినలేదు. ముక్కు సంగతి మాత్రం ఆవిడకి చెప్పలేదు.

"కరెంటు గురించి నీకు నేను చెప్పడమేంటి బావా? ఇరవై రెండేళ్లుగా దాంతోనే కాపురం చేస్తున్నావుగా" అంది చెప్పులు విడుస్తూనే.

"కాపురం చేసినంత మాత్రాన అర్థమైపోతుందా? మీ అక్కతో చెయ్యట్లేదూ?"

వంటింట్లో గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆయన గబగబా నోటుపుస్తకం తెరిచాడు.

"ఇటు చూడు" అంది మరదలు. "వోల్టులంటే తోసే బలం. ఆంపియర్లంటే పారే కరెంటు. మధ్యలో కాయిల్ 'నేను పోనివ్వను పో' అని మొండికేస్తుంది చూశావా, అదే నిరోధం. ఎంత తోస్తే ఎంత పారిందో తెలిస్తే మొండితనం ఎంతో చెప్పెయ్యొచ్చు. 230 వోల్టులు తోస్తే 5 ఆంపియర్లు పారాయనుకో. భాగించు."

"46."

"46 ఓములు. ఇప్పుడు ఎంత వేడి పుడుతుందో కావాలి. అదే రెండంకెల్ని గుణించు."

"1150."

"వాట్లు. అంతే బావా! రెండు తెలిస్తే మిగతా రెండూ వాటంతటవే బయటికొస్తాయి."

"మరి మీ అక్కకి ఎన్ని ఓములుంటాయంటావు?"

"ఆయనకెన్నో నన్నడగవే, నేను చెప్తాను" అంది భార్య లోపలి నుంచి. "ఏ మీటరూ సరిపోదు."

చెప్పినంత తేలిగ్గా ఎక్కలేదు. ఎక్కడ భాగించాలో అక్కడ గుణించేవాడు, ఎక్కడ గుణించాలో అక్కడ భాగించేవాడు. ఒకసారి ఇస్త్రీ పెట్టెకు 1150 ఓములు తెప్పించి, 46 వాట్లు మిగిల్చాడు. "46 వాట్లతో చొక్కా కాదు కదా, జేబురుమాలు మడత కూడా విడదు బావా" అని మరదలు నెత్తి కొట్టుకుంది. చివరికి పిల్లలకు చెప్పినట్టు ఒక పాట కట్టి ఇచ్చింది. "ఓములు కావాలా పంచు, వాట్లు కావాలా పెంచు." మేస్త్రీ దాన్ని స్నానం చేస్తూ, మెట్లెక్కుతూ, నిద్రలో కూడా గొణిగేవాడు.

అల్మరా మీదున్న మీటరు కిందికి దిగింది. స్క్రూలు వేరే డబ్బాలోకి మారాయి. మేస్త్రీ వోల్టులు కొలిచి, ఆంపియర్లు కొలిచి, హాల్లో ఉన్న నలభై పెట్టెలకీ లెక్క కట్టాడు. 46, 46, 47, 46... పంతొమ్మిదో పెట్టె 58 వచ్చింది. పన్నెండు ఓములు ఎక్కడినుంచి ఊడిపడ్డాయా అని విప్పి చూస్తే, కాయిల్ బాగానే ఉంది, వైరు బిగించిన స్క్రూ వదులై చుట్టూ నల్లగా కమిలి ఉంది. మేస్త్రీ స్క్రూ బిగించి మళ్లీ కొలిచాడు. 46. ముక్కు చెప్పాల్సిన మాట అంకె చెప్పింది. ఆ సాయంత్రం ఇంటికి ఈల వేసుకుంటూ వెళ్లాడు.

ఇక మొదటి పరీక్ష. ప్రశ్న అచ్చం మరదలు చెప్పించినదే. ఇస్త్రీ పెట్టె, 230 వోల్టులు, 5 ఆంపియర్లు, నిరోధమెంత, పవర్ ఎంత. మేస్త్రీ సంతోషంగా మొదలుపెట్టి, అక్కడ ఆగాడు. తమ హాల్లో 230 వోల్టులు ఆయన ఏనాడూ చూడలేదు. ఎప్పుడు కొలిచినా 205. తెలిసి తెలిసి అబద్ధం ఎలా రాస్తాం? కాబట్టి ఇలా రాశాడు. "పెట్టె 46 ఓములు నిజమే. కానీ 230 రాదు. 205 వస్తుంది. అందుకని నాలుగున్నర ఆంపియర్లకు కాస్త తక్కువ. పవర్ 914 వాట్లు. కావలసినవారు వచ్చి కొలుచుకోవచ్చు."

ఎవరూ వచ్చి కొలుచుకోలేదు. తప్పు అని ఎర్ర సిరాతో అడ్డంగా గీత పెట్టి పంపారు.

మరదలు ఆ కాగితం చూసి నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసింది. "లెక్క కరెక్టే బావా! కానీ వాళ్లడిగింది ఈ లెక్క కాదు! ముక్కుసూటి మనిషివని తెలుసు గానీ, ప్రశ్నపత్రంతో కూడా పోట్లాడతావనుకోలేదు. ఇంకొక్క అవకాశమే ఉంది. కాగితం మీద ఏ అంకె ఉంటే ఆ అంకే వాడతానని నా మీద ఒట్టెయ్యి."

మేస్త్రీ ఒట్టేశాడు. మరదలికి ఇది ఆట. భార్య మాత్రం గుమ్మంలో నిలబడి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

రెండోసారి రాతపరీక్షలో ఒట్టు నిలబెట్టుకున్నాడు. 230 అని రాస్తున్నప్పుడల్లా కుడిచెయ్యి ఎదురు తిరిగింది గానీ రాశాడు. తర్వాత ప్రాక్టికల్. పెద్ద గదిలో ఒక బల్ల మీద స్టీలు గిన్నె నిండా నీళ్లు, అందులో ముంచిన హీటరు, పక్కన రెండు గుండ్రటి మీటర్లు. వైర్లు గోడకున్న ఒక చెక్క స్విచ్ పెట్టెలోకి వెళ్తాయి. ఆ పెట్టెలోకి కరెంటు తలుపు దగ్గరున్న మెయిన్ స్విచ్ నుంచి వస్తుంది. మెయిన్ స్విచ్ మీద ఎర్ర అక్షరాలు. "అనుమతి లేకుండా ముట్టుకున్నవారు పరీక్షకు అనర్హులు." దాని పైన ఇంకో మీటరు. ముల్లు సరిగ్గా 230 మీద నిలబడి ఉంది. వీళ్లకి మాత్రం నిండుగా వస్తోందే అని మేస్త్రీకి కాస్త కుళ్లు పుట్టింది.

పరీక్ష పెట్టేది కళ్లజోడు మెడలో వేలాడేసుకున్న ఇన్‌స్పెక్టరమ్మ. ముందు వెళ్లిన అయిదుగురు బల్ల మీద అంటించిన చీటీ చూశారు. "230 వోల్టులు, 1150 వాట్ల హీటరు." చకచకా 5 ఆంపియర్లు, 46 ఓములు అని రాసి వెళ్లిపోయారు. ఒక్కడూ మీటర్ల వంక తొంగి చూడలేదు.

ఆరోవాడు మన మేస్త్రీ. చీటీ చూశాడు. ఒట్టు గుర్తొచ్చింది. పెన్ను తీశాడు. కానీ అలవాటైపోయిన కళ్లు మీటర్ల మీద పడనే పడ్డాయి. 184 వోల్టులు. 4 ఆంపియర్లు.

పంచాడు. 46 ఓములు. హీటరు బుద్ధిగానే ఉంది. పెంచాడు. 736 వాట్లు. 1150 కాదు. చీటీ మీదున్నది రాస్తే కార్డు వస్తుంది, ఒట్టూ నిలబడుతుంది. పెన్ను మొన కాగితానికి ఆనించాడు. అప్పుడు మళ్లీ తలుపు వైపు చూశాడు. అక్కడ 230. ఇక్కడ 184.

"మేడమ్, నలభై ఆరు వోల్టులు ఎవరు తిన్నారు?" అన్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "చీటీలో ఉన్నది చూసి రాసెయ్యండి."

"తలుపు దగ్గర బయల్దేరినవి 230. బల్ల దగ్గరికి చేరినవి 184."

"మీటర్లు పాతవండీ. రాసెయ్యండి, భోజనాల టైమవుతోంది."

మేస్త్రీ రాయలేదు. పంతొమ్మిదో పెట్టె గుర్తొచ్చింది. దారిలో తప్పిపోయిన వోల్టులు 46. పారుతున్నది 4 ఆంపియర్లు. పెంచితే 184 వాట్లు. ఆ వేడంతా నీళ్లలో లేదు, హీటరులో లేదు. మధ్యలో ఉన్నది ఒక్క చెక్క పెట్టె. దాని దగ్గరికి వెళ్లి అలవాటు కొద్దీ ముక్కు పెట్టాడు. ఏమీ తెలియలేదు. వెనకటి రోజుల్లో అయితే మెట్ల దగ్గరే తెలిసిపోయేది. ఇప్పుడు చేతిలో ఉన్నవి మూడు అంకెలు, అంతే. అవి తప్పయితే అట్టపెట్టెలూ టేపూ.

ఎర్ర అక్షరాలు ఒకసారి పూర్తిగా చదివాడు. చదివి, మెయిన్ స్విచ్ టక్కున దించేశాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి. ఇన్‌స్పెక్టరమ్మ లేచి నిలబడింది. "ఏం చేశారు మీరు? అక్కడ రాసింది కనపడలేదా?"

"కనపడింది మేడమ్. ఆ పెట్టె విప్పించండి. లోపల ఏమీ లేకపోతే నేనే వెళ్లిపోతాను."

ఆవిడ కోపంగానే స్క్రూడ్రైవర్ తీసుకుని మూత విప్పింది. లోపల ఒక స్క్రూ వదులుగా వేలాడుతోంది. దాని చుట్టూ వైరు తొడుగు కరిగిపోయి, వెనక చెక్క అరచెయ్యంత మేర బొగ్గయిపోయి ఉంది. ఒక అంచున ఇంకా ఎర్రగా నిప్పు కనిపిస్తోంది. పక్కనే అటకదాకా పాత పరీక్ష కాగితాల కట్టలు. ఆవిడ గ్లాసుడు ఇసుక తెప్పించి ఆ నిప్పు ఆర్పించి, కుర్చీలో కూర్చుని కళ్లజోడు తుడుచుకుంది.

"వారం నుంచి ఏదో మాడు వాసన వస్తూనే ఉంది" అంది చివరికి. "కింద చెప్పులు కుట్టే షాపులో జిగురు కాస్తున్నారేమో అనుకున్నాం. మీరు భలే పసిగట్టారే! ఫారంలో మీ ఫ్యాక్టరీ పేరు చూశాను, అక్కడ మిమ్మల్ని వాసన మేస్త్రీ అంటారట కదా?"

మీసం సర్దుకుని ఊరుకుంటే సరిపోయేది. ఆ ముక్కు మళ్లీ రాజ్యమేలేది. మేస్త్రీ చెయ్యి మీసం దాకా వెళ్లి ఆగింది.

"లేదు మేడమ్. నాకు వాసనలు తెలియక ఎనిమిది నెలలైంది. గుణించాను, అంతే."

ఆవిడ కళ్లజోడు పెట్టుకుంది. తర్వాత కాగితం దగ్గరికి లాక్కుంది. "అనుమతి లేకుండా స్విచ్ ముట్టుకున్నారు. రూల్ రూలే."

"తెలుసు మేడమ్."

"నేను అనుమతి ఇద్దామని నోరు తెరుస్తున్నాను. మీ చెయ్యి కాస్త తొందరపడింది. అలాగని రాస్తున్నాను" అంది. ఆయన చేత 736 అని రాయించి, పక్కన టిక్కు పెట్టింది. వెళ్లిపోయిన అయిదుగురినీ వెనక్కి పిలిపించింది. ఆ అయిదుగురూ మేస్త్రీని మనసులో ఏమేం తిట్టుకున్నారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఇంటి దగ్గర మరదలు మెట్ల మీదే కాపు కాసింది. "ఏం రాశావు?"

"736."

"బావా! ఒట్టు!" అని ఆవిడ గోడకి చేరగిలబడిపోయింది. ఆయన జేబులోంచి తాత్కాలిక కార్డు తీసి చూపించాడు. తర్వాత వంటగదిలో బల్ల దగ్గర కూర్చుని, భార్య పాలు స్టవ్ మీద పెడుతుండగా మొత్తం కథ చెప్పాడు. మూడు అంకెలు, చెక్క పెట్టె, నిప్పు. ఇన్‌స్పెక్టరమ్మ అడిగింది, తను చెప్పింది. అక్కడికి వచ్చేసరికి మరదలు మొహంలో నవ్వు పోయింది.

"ఎనిమిది నెలలా? నాకు చెప్పలేదా? నేనేమో ముక్కు మీద జోకులేస్తూ కూర్చున్నాను! అక్కా, నువ్వు కూడానా?" అని ఏడుపు గొంతుతో అక్క మీద పడింది. అక్కేమో "ఆయనే వద్దన్నారే" అని తనూ కళ్లు ఒత్తుకుంది. ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటూ, ఓదార్చుకుంటూ, మళ్లీ తిట్టుకుంటూ స్టవ్ వైపు వీపు పెట్టి కూర్చున్నారు.

మేస్త్రీ లేచాడు. ఇద్దరి మధ్య నుంచి చెయ్యి చాపి స్టవ్ ఆపేశాడు. సరిగ్గా అప్పుడే పాలు గిన్నె అంచు దాకా పొంగి, ఒక్క చుక్క కూడా కింద పడకుండా వెనక్కి తగ్గాయి.

భార్య చటుక్కున ఆయన మొహంలోకి చూసింది. "ఏమండీ, వాసన వచ్చిందా?"

ఆవిడ కళ్లలో ఆశ చూస్తే అబద్ధం చెప్పాలనిపించింది ఆయనకి. గోడ మీద గడియారం వైపు వేలు చూపించాడు.

"రాలేదే. మన స్టవ్ వెయ్యి వాట్లది. మన వీధిలో 205 వోల్టులే వస్తాయి కాబట్టి ఎనిమిది వందలకు ఒక ఆరు తక్కువ. లీటరు పాలకి తొమ్మిది నిమిషాలు" అన్నాడు. "నెల రోజులుగా కొలుస్తున్నాను. ఇంకెప్పుడూ నీ గిన్నె మాడనివ్వను."